రోజాకు వజూ అక్కర్లేదు

రంజాను పండుగ వెళ్ళిపోయాక కూడా మా అత్తగారు రోజా ఉపవాసాలు ఉంటూనే ఉన్నారని నాకు ఫోనులో చెప్పింది జనగామలో ఆమె పక్కింటామె. ఆమె గొంతులో ఫిర్యాదేమీ లేదు, మెచ్చుకోలే ఉంది.

"మీ అత్తమ్మ వలీ, పెద్ద పుణ్యాత్మురాలు అయిపోయిందమ్మా. సోమారం లేదు, శుక్రారం లేదు, రోజూ రోజానే. మా గల్లీ ఆడోళ్ళందరం నీళ్ళ గిలాసలు పట్టుకొని పోయి ఊదించుకుంటున్నం. మొన్న మా మనుమరాలి జొరం తగ్గింది."

అప్పుడు నేను భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో ఉండేదాన్ని. నా భర్త బావిలో దిగే మనిషి. తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు పని బంద్ పెట్టిన రోజులవి. బావి మూతపడింది, బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, బడులకు తాళాలు పడ్డాయి. ఆయన పొద్దున లేచి గులాబీ కండువా వేసుకొని దీక్ష టెంటుకు పోయేవారు. పక్కింటామె మాట చెప్తే ఆయన ముఖం వెలిగింది. మళ్ళీ అంతలోనే, "ఈ వయసుల గన్ని రోజాలేంది? నువ్వు పోయి జర చూసిరా" అన్నారు.

జీపులో కొంత దూరం, ఆటోలో కొంత దూరం పోయి జనగామ చేరాను. మసీదు వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు, వెనక చిన్న వాకిలి, ఒక చేదబావి. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు అక్కడ ఒక్కరే ఉంటున్నారు. అందరిలాగే నేనూ ఆమెను అమ్మీ అనేదాన్ని. ఆ ఇంట్లో వాళ్ళ మాట ఉర్దూ. నేను పాలకుర్తి దగ్గరి పల్లెలో పెరిగినదాన్ని కాబట్టి నా ఉర్దూ నాగలి పట్టుకొని నడిచినట్టు ఉంటుందని కొత్తలో నవ్వేవారు. తర్వాత ఆమే నాతో తెలుగులోకి దిగారు.

గల్లీలోని ఆడపిల్లలకు మధ్యాహ్నం పూట ఖురాన్ చదవడం నేర్పేవారు అమ్మీ. నేను కోడలిగా వచ్చేనాటికే నేర్పుతున్నారు. అప్పుడు నేర్చుకున్న వాళ్ళ బిడ్డలు కూడా ఆమె దగ్గరికే వచ్చారు. ఈసారి నేను పోయేసరికి పిల్లలెవరూ లేరు.

"కండ్లు కనిపిస్తలేవు బిడ్డా. బంద్ చేసిన" అన్నారు.

కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. నేను తెచ్చిన కందిపప్పులో రాయి ఉందని దూరం నుంచే చెప్పారు.

మనిషి సగమైపోయారు. పెదవులు పగిలి నెత్తురు ఉబుకుతోంది. తెల్లవారుజామున సెహ్రీకి రెండు ముద్దలు తినేవారు, నీళ్ళు మాత్రం ముట్టేవారు కాదు. పొద్దు గూకి మసీదులో పిలుపు వినిపించాక ఒక ఖర్జూరం, ఒక గుక్క చాయ్. అంతే. నేను గిలాస నింపి ఇస్తే, నేను అటు తిరిగినప్పుడు మల్లె చెట్టో గులాబీ చెట్టో చూడకుండా ఏదో ఒక కుండీలో ఒంపేసేవారు. గదిలో అత్తరు వాసన, దాని కింద ఫినాయిల్ వాసన. తన బట్టలు నన్ను ముట్టనిచ్చేవారు కాదు. బావి దగ్గర కూర్చొని తామే ఉతుక్కునేవారు. దండెం మీద ఆరేసిన చీర కొంగు ఎత్తి చూస్తే, దాని చాటున చింపిన పాత బట్ట పేలికలు వరసగా ఆరుతూ కనిపించాయి. నా మంచం మీద కూర్చోమంటే కూర్చునేవారు కాదు. పక్కింట్లో పిల్లకు పెళ్ళి మాటలైతే గడప దాటి పోలేదు.

రోజూ గల్లీ ఆడవాళ్ళు వచ్చేవారు. అమ్మీ గదిలోంచే దువా చదివి గిలాసల్లో ఊదేవారు. వాళ్ళు ఆమె చేతులు కళ్ళకద్దుకొని వెళ్ళేవారు. వాళ్ళు పోయాక అమ్మీ ఆ చేతుల్ని చాలాసేపు చూసుకొనేవారు.

ఒక మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు ఆమె గది తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది. నేను తోసి లోపలికి పోయాను. అమ్మీ మంచం పట్టె మీద కూర్చొని ఉన్నారు. నమాజుకు పరుచుకునే జానమాజ్ మడత పెట్టినట్టే దండెం మీద ఉంది. చేతిలో తస్బీ పూసలు కదులుతున్నాయి. నమాజు అయిపోయిందేమో అనుకున్నాను. సాయంత్రం అసర్ వేళకు మళ్ళీ చూశాను, అలాగే కూర్చున్నారు. మరునాడూ అంతే. కొత్త కోడలిగా నేను తెల్లవారి ఫజర్ నమాజుకు లేవకపోతే ముఖం మీద నీళ్ళు చల్లి లేపిన మనిషి ఆమె.

"అమ్మీ, నమాజు చేస్తలేరా?"

ఆమె నన్ను చూడలేదు. పూసలు ఆగిపోయాయి.

"తలుపు పెట్టు" అన్నారు.

పెట్టాను. తర్వాత గోడకు చెబుతున్నట్టు మొదలుపెట్టారు. ఆఖరు కాన్పు కష్టమైందట. ఆ తర్వాత బావినీళ్ళు తోడినప్పుడల్లా కింద ఏదో బరువు దిగినట్టు ఉండేదట. మామగారి జబ్బులో ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టి, ఎత్తి పడుకోబెట్టి, ఒకనాడు గర్భసంచి పూర్తిగా కిందికి జారింది. చేతితో లోపలికి నెట్టుకుంటే ఉంటుంది, లేస్తే దిగుతుంది. దానితో పాటు మూత్రం చుక్కచుక్కగా పడుతూనే ఉంటుంది.

"రుకూకు వంగితే పోతది. సజ్దాల తల పెడితే పోతది. మల్ల లేసి కాళ్ళు చేతులు కడుక్కొని వజూ చేస్త, మల్ల పోతది. ఒక్క నమాజుకు బావి కాడికి ఎన్నిసార్లు తిరగాలె? గా మురికితోటి అల్లా ముంగట ఎట్ల నిలబడాలె చెప్పు? ఖురాన్ ఎట్ల ముట్టాలె?"

"అందుకే పిల్లలకు బంద్ చేసిండ్రా?"

ఆమె తల ఊపారు.

"మరి రోజాలు?"

"రోజాకు వజూ అక్కర్లేదు గద బిడ్డా. నాకు అదొక్కటే మిగిలింది." కొంచెం ఆగి, గొంతు ఇంకా తగ్గించి అన్నారు. "ఇంకోటి, నీళ్ళు తాగకుంటే పడది."

నేను ఆమె పక్కన మంచం మీద కూర్చోబోతే ఆమె జరిగిపోయారు. గల్లీ మొత్తం కళ్ళకద్దుకుంటున్న ఆ ఉపవాసాల లోపల ఇది ఉందని ఎవరికీ తెలియదు. కొడుకులకు తెలియదు. మానుకోటలో ఉన్న కూతురికి తెలియదు. దవాఖానకు ఎందుకు పోలేదని అడిగితే, "మొగ డాక్టరుకు చూపియ్యమంటవా? మీ మామ గూడ వెలుగుల చూడలె నన్ను" అన్నారు. "సబర్ చేయమంటరు, ఓర్చుకోమంటరు. బీమారి పాపాలను కడుగుతదంటరు. ఏమో, నాకైతే నమాజునే కడుక్కపోయింది."

నాకూ మతం సంగతులు పెద్దగా తెలియవు. అయినా దీనికి ఏదో ఒక దారి ఉండకుండా ఉంటుందా అనిపించింది. లోకంలో ఇలాంటి రోగం ఈమె ఒక్కదానికే వచ్చి ఉండదు కదా. మసీదు ఇమాం సాబును అడుగుదామంటే అమ్మీ నా చేయి గట్టిగా పట్టుకున్నారు. ఆయన ఆమె మనవడి ఈడు పిల్లవాడు. పండుగకు ఆమె చేతి సేమ్యా తిని పోయేవాడు. "నా పేరు చెప్పినవో, నా మయ్యత్ చూస్తవు" అన్నారు.

పేరు చెప్పనని మాట ఇచ్చి ఇమాం సాబు ఇంటికి వెళ్ళాను. మసీదు పక్కనే ఒక గది, మధ్యలో పరదా. ఆయన భార్య కర్ణాటక వైపు నుంచి వచ్చిన చిన్న వయసు పిల్ల, ఒళ్ళో పసిబిడ్డ. మా చుట్టాల్లో ఒక ముసలావిడకు ఇట్లా ఉందని నా వంకర ఉర్దూలో చెప్పాను. ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టి పరదా అవతలికి వెళ్ళింది. ఇమాం సాబు అన్నం తింటున్నట్టున్నారు, పళ్ళెం చప్పుడు వినిపించింది. గుసగుసగా మాటలు. ఆమె తిరిగి వచ్చింది.

ఆగకుండా అలా పోయే రోగం ఉన్న మనిషిని మాజూర్ అంటారట. నమాజు వేళ రాగానే శుభ్రం చేసుకొని, బట్ట మార్చుకొని, ఒక్కసారి వజూ చేసుకుంటే చాలు. ఆ వేళ దాటేదాకా ఎంత పడ్డా ఆ వజూ పోదు. నమాజు చేయవచ్చు, ఖురాన్ ముట్టవచ్చు. పాత నమాజులు ఏమైనా తప్పిపోయి ఉంటే అవి కూడా తీర్చుకోవాలి.

అంతే. ఇమాం సాబు పళ్ళెంలో అన్నం కూడా అయిపోలేదు. ఆ పిల్ల నన్ను చూసి, "ఆ నానీకి చెప్పండి, ఇందులో సిగ్గు ఏం లేదు" అంది.

నేను దాదాపు పరుగెత్తుతూ ఇంటికి వచ్చాను. అమ్మీ సంతోషపడతారనుకున్నాను. నేను చెప్పిందంతా విన్నారు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

"గంతేనా?"

"గంతే అమ్మీ."

ఆమె ముఖం నల్లబడింది. ఆమెకు అంత కోపం వస్తుందని నేను అనుకోలేదు.

"మరి నాకెవ్వలు చెప్పకపోతిరి? ఇన్నేండ్లు! శుక్రారం శుక్రారం జుమ్మాకు మైకుల మాట్లాడుతరు గద, ఒక్కనాడన్న గిది చెప్పిండ్రా? మొగోళ్ళ సంగతులన్నీ చెప్తరు. నేను అరబ్బీ అచ్చరం అచ్చరం చదివిన. గల్లీ పోరగాండ్లందరికి చదివిచ్చిన. గా అచ్చరాల లోపల ఏమున్నదో నాకెవ్వలు చెప్పకపోతిరి!"

"మీరు అడగలె గదా అమ్మీ."

"ఎట్ల అడుగాలె? నోరు తెరిచి ఎట్ల అడుగాలె?"

కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చారు. గోడ అవతల పక్కింటామె గిన్నెలు తోముతోంది. ఏడుపు కూడా వినపడకుండా ఏడవాల్సిన ఇల్లు అది.

ఆ రోజు అసర్‌కు జానమాజ్ పరుచుకున్నారు. నేను వాకిట్లోనే ఉండిపోయాను. సజ్దాలో తల నేలకానించి ఆమె ఎంతసేపటికీ లేవకపోతే భయమేసి తొంగిచూశాను. వీపు ఎగిరెగిరి పడుతోంది.

అక్కడితో ఆమెకు విడుదల దొరికిందనుకున్నాను. కానీ తప్పిపోయిన నమాజులు ఏళ్ళ తరబడివి. అవన్నీ తీర్చాలి. ఒక పూట నమాజు చేసి, దాని వెంబడే పాతవి మొదలుపెట్టేవారు. లేవడం, వంగడం, తల నేలకు పెట్టడం, మళ్ళీ లేవడం. తిండి వేళకు పిలిస్తే చేయి ఊపేవారు. రోజాలు కూడా మానలేదు. "ఆపుండ్రి, ఒంట్ల ఏముందని?" అంటే, "తప్పిపోయినయి నావి. నువ్వు చేస్తవా?" అనేవారు. ఇంతకుముందు నమాజు చేయలేక గదిలో చిక్కుకున్న మనిషి ఇప్పుడు నమాజులోనే చిక్కుకున్నారు. ఆ దారి తెరిచి లోపలికి పంపింది నేనే.

కొద్ది రోజులకే నెత్తురు కనిపించింది. నడవలేకపోయారు. జ్వరం వచ్చింది. నేను కాళ్ళావేళ్ళా పడి రోజా విడిపించాను. జనగామలో మాకు తెలిసిన ఆడ డాక్టరు ఆ వారం ఊళ్ళో లేదు. మానుకోటలో ఉన్న మా ఆడబిడ్డకు ఫోను చేశాను. ఆమెను మేము ఆపా అంటాం. "ఏమైంది అమ్మీకి?" అని అరిచింది. ఫోను అమ్మీ చెవి దగ్గర పెట్టాను. అమ్మీ చెప్పలేకపోయారు. నేనే తీసుకొని చెప్పాను. ఆపా, "ఈడ ఒక డాక్టరమ్మ ఉన్నది. ఆంధ్రామె. ఆడోళ్ళకే చూస్తది. ఎట్లనన్న చేసి పట్టుకరా" అంది.

బస్సుల్లేవు. జనగామ స్టేషనులో పొద్దున రైలు ఎక్కాం. అమ్మీ బురఖా వేసుకొని, లోపల పేలికలు మడిచి కట్టుకొని, కిటికీ పక్కన ముడుచుకొని కూర్చున్నారు. వరంగల్ దాటాం, నెక్కొండ దాటాం. కేసముద్రం రాకముందే పొలాల మధ్య రైలు ఆగిపోయింది.

కిందికి చూస్తే పట్టాల మీద జనం కూర్చొని ఉన్నారు. జెండాలు, డప్పులు. పట్టాల పక్కనే రాళ్ళ పొయ్యిలు పెట్టి పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. జై తెలంగాణ అని వాళ్ళు అరిస్తే రైల్లోంచి కూడా చాలామంది అరిచారు. మామూలు రోజైతే నేనూ అరిచేదాన్నే. ఆ పొద్దే నా భర్త ఫోను చేసి, వాళ్ళు కూడా ఎక్కడో రోడ్డు మీద కూర్చోవడానికి పోతున్నామని చెప్పారు.

ఎండ ఎక్కింది. పెట్టె రేకులు కాలాయి. అమ్మీ నా చేతిని గోళ్ళు దిగేలా పట్టుకున్నారు. పేలికలు తడిసిపోయాయి. రైలు నుంచి దిగుదామంటే మెట్లు నేలకు చాలా ఎత్తున ఉన్నాయి, ఆమె కాలు దించలేరు. లోపల మరుగుదొడ్డి దగ్గర మగవాళ్ళు గుంపుగా నిలబడి బీడీలు తాగుతున్నారు. కొళాయిలో నీళ్ళు లేవు.

"వాసనొస్తున్నదా?" అని నా చెవిలో అడిగారు. "అందరు నన్నే చూస్తుండ్రు."

ఎవరూ చూడటం లేదు. ఎదురు సీట్లో ఒక లంబాడి అవ్వ మాత్రం చూస్తోంది. డోర్నకల్ దగ్గరి తండాకు పోతోందట. చేతినిండా తెల్ల గాజులు, అద్దాల రవిక. కొంతసేపు చూసి, ముందుకు వంగి నన్ను అడిగింది.

"కింది జబ్బా బిడ్డా?"

నేను జవాబు చెప్పేలోపే అమ్మీ బురఖా ముసుగు ముఖం మీదికి లాక్కున్నారు.

"సిగ్గెందుకమ్మా? నాగ్గూడ దిగింది. పత్తి మూటలు మోసి మోసి దిగింది. మా తండల ఇంకిద్దరికి ఉన్నది. మేమైతే నీళ్ళు తెచ్చుకునే కాడ చెప్పుకొని నవ్వుకుంటం. ఏడిస్తే పైకి పోతదా అది?"

ఆమె లేచి మరుగుదొడ్డి దగ్గరికి పోయి మగవాళ్ళను కేకలేసి తరిమింది. "మీ ఇంట్ల అవ్వల్లేరా? కిందికి దిగి నినాదాలు చెప్పుండ్రి పోండ్రి" అంది. వాళ్ళు నవ్వుతూ దిగిపోయారు. నేను బిందె కోసం అటూ ఇటూ చూస్తే ఒకావిడ తన ఖాళీ డబ్బా ఇచ్చింది. కిందికి దిగి వంట చేస్తున్న వాళ్ళ దగ్గరికి పోయాను.

"అన్నా, పెద్దమనిషికి పానం బాగలేదు. జరన్ని నీళ్ళు పోయుండ్రి."

"అయ్యో, నింపుకో అక్కా. అన్నం గూడ తిని పో."

"రైలెప్పుడు ఇడుస్తరు?"

కండువా కట్టుకున్న మనిషి నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "మా చేతుల లేదక్కా. పైనుంచి చెప్పాలె. మన రాష్ట్రం కోసమే గద."

మన రాష్ట్రం కోసమే. కాదని ఎట్లా అంటాను? నీళ్ళ డబ్బా పట్టుకొని ఆ కంకర మీద నిలబడితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. వెనక రైలు, ముందు జనం, మధ్యలో నేను.

గడియ ఊడిన ఆ తలుపుకు లంబాడి అవ్వ, నేను నా చున్నీ చెరో కొస పట్టుకొని అడ్డం నిలబడ్డాం. అమ్మీ లోపల కడుక్కొని, బట్ట మార్చుకొని వచ్చారు. నీళ్ళన్నీ దానికే అయిపోయాయి. జొహర్ వేళ అయింది. వజూకు నీళ్ళు లేకపోతే మట్టితో చేసుకోవచ్చు, అది మాత్రం అమ్మీకి తెలుసు. నేను సంగతి చెప్పగానే అవ్వ దిగి పోయి చేను గట్టు మీది మట్టి పెడ్డ ఒకటి అరచేతిలో పెట్టుకొని వచ్చింది. అమ్మీ దాని మీద చేతులు ఆనించి ముఖానికీ చేతులకూ రాసుకున్నారు. కూర్చున్న చోటనే నమాజు చేశారు. అవ్వ ఆ కాసేపు మట్టి పెడ్డను ఒళ్ళో పట్టుకొని కూర్చుంది. అయిపోయాక, "నాకోసం గూడ మొక్కినవా?" అంది. అమ్మీ ముసుగు తీసి ఆమెను చూశారు. "ఇద్దరికీ కలిపే అడిగిన" అన్నారు.

పొద్దు వాలాక రైలు కదిలింది.

మానుకోటలో డాక్టరమ్మ ఇంటి కిందే ఆమె చిన్న ఆసుపత్రి. గోడ మీది బోర్డులో ఆమె చదివిన ఆంధ్రా ఊరి పేరు ఉన్న చోట ఎవరో నల్లరంగు పూసి ఉన్నారు. ఆమె అమ్మీని లోపలికి తీసుకుపోయి చాలాసేపు పరీక్ష చేసింది.

"ఎన్నాళ్ళనుంచండీ ఇలా? ఇన్నేళ్ళూ ఎలా ఓర్చుకున్నారమ్మా?" అంది. ఆ యాస వింటే మాకు సినిమాల్లో మాట్లాడినట్టుండేది. అమ్మీ ఆమె ముందు నోరు విప్పడానికి భయపడ్డారు. తన మాటకు నవ్వుతుందేమో అనుకున్నారట. ఆమె నవ్వలేదు. ఆపరేషను చేస్తే మంచిదే గానీ, ఒంట్లో నెత్తురు లేదు, గుండె బలహీనంగా ఉంది, మత్తు తట్టుకోలేదు అంది. మత్తు ఇచ్చేది మగ డాక్టరు అని తెలిసి అమ్మీ అప్పటికే వద్దని తల ఊపుతున్నారు. చివరికి సంచిని పైకి నెట్టి, అది జారకుండా లోపల ఒక రింగు పెట్టింది. కొన్ని నెలలకోసారి వచ్చి తీయించుకొని, కడిగించుకొని, మళ్ళీ పెట్టించుకోవాలి.

"నీళ్ళు బాగా తాగాలి. ఉపవాసాలు ఆపాలి. నమాజు కుర్చీలో కూర్చొని చేసుకోండి, వంగొద్దు."

"కుర్సీల కూసొనా?" అమ్మీ మొదటిసారి గొంతెత్తారు. "అల్లా ముంగట నేనేమన్న దొరసానినా?"

డాక్టరమ్మకు సగమే అర్థమై నా వైపు చూసింది. "మీ దేవుడికి మీ ఆరోగ్యం తెలియదా అమ్మా?" అంది మెల్లగా. ఆపా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మీ కుర్చీలోనే చేశారు. తల్లికి తెలియకుండా ఆపా వంటింట్లో ఏడ్చేది. "నాకు చెప్పాలె గద. నేనేమన్న పరాయిదాన్నా?" అని నన్ను నిలదీసేది, నేనేదో దాచినట్టు.

జనగామ తిరిగి వచ్చాం. నెత్తురు ఆగింది. పేలికలు తగ్గాయి. నీళ్ళు తాగడం మొదలుపెట్టారు, మొదట్లో విషం తాగుతున్నట్టు భయపడుతూ తాగేవారు. మళ్ళీ పిల్లలు వచ్చారు. ఒకనాడు నీళ్ళు ఊదించుకోవడానికి వచ్చిన ఒక ముసలావిడ నడకను చూసి, ఆమెను కూర్చోబెట్టి, తలుపు పెట్టమని నాకు సైగ చేశారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె పోతున్నప్పుడు గిలాసలో నీళ్ళు ఊదించుకోకుండానే పోయింది. తర్వాత మానుకోట డాక్టరమ్మ ఇల్లెక్కడ అని నన్ను అడిగింది.

సమ్మె ఆగిపోయింది, బావులు తెరిచారు, నేను భూపాలపల్లి వెళ్ళిపోయాను. రింగు మార్చే వేళకు వచ్చి అమ్మీని తీసుకొని మానుకోట పోయాను. ఈసారి బస్సులో. డాక్టరమ్మ ఇంటికి తాళం ఉంది. గొడవల్లో ఎందుకని తమ ఊరికి పోయిందని, మళ్ళీ వస్తుందో రాదో తెలియదని పక్క కొట్టతను చెప్పాడు. రాష్ట్రం వస్తుందంటే నాకు సంతోషమే. అయినా ఆ తాళం ముందు అమ్మీ చేయి పట్టుకొని నిలబడిపోయాను.

ఇంకో ఆడ డాక్టరు దగ్గరికి పోదామంటే అమ్మీ ఒప్పుకోలేదు. మళ్ళీ ఇంకొకరి ముందు పడుకోలేనన్నారు. డాక్టరమ్మ ఆనాడు ఎట్లా తీయాలో, ఎట్లా కడగాలో నాకు చూపించింది. నేను చేస్తానన్నాను. ఆపా ఇంట్లో తలుపు వేసి, చేతులు సబ్బుతో కడుక్కొని వచ్చాను. అమ్మీ పడుకొని చున్నీతో ముఖం కప్పుకున్నారు. ఆమె కాళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి. చున్నీ కింద ఖురాన్ సూరా ఏదో చదువుతూనే ఉన్నారు. మధ్యలో చదవడం ఆపి, "కోడలి చేతుల పడ్డ బతుకు" అన్నారు. అది తిట్టో ఏడుపో నాకు తెలియలేదు. చేతులు ఆపకుండా పని పూర్తిచేశాను.

ఆ తర్వాత ప్రతిసారీ నేనే. భూపాలపల్లి నుంచి వచ్చి చేసి పోయేదాన్ని. నా భర్తకు ఆడవాళ్ళ జబ్బు అని మాత్రం తెలుసు, ఇంకేమీ అడగలేదు. కొన్నాళ్ళకు అమ్మీ చున్నీ కింద సూరా చదవడం మానేసి, పక్కింటి గొడవలు చెప్పడం మొదలుపెట్టారు. అయినా ఆమె గల్లీ దాటి ఎక్కడికీ పోలేదు. పెళ్ళిళ్ళకు పిలిస్తే పోలేదు. కుర్చీలో కూర్చొని పాత నమాజులు తీర్చుకుంటూనే ఉన్నారు.

"ఇంకా అయిపోలేదా అమ్మీ?" అని ఒకసారి అడిగాను.

"అయిపోతే ఏం జెయ్యాలె మరి?" అన్నారు.

రాష్ట్రం వచ్చిన తర్వాతి చలికాలంలో, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారు. కబురు అందుకొని నేను చేరేసరికి వాకిలినిండా ఆడవాళ్ళు. మయ్యత్‌కు స్నానం చేయించేవాళ్ళు వేడినీళ్ళు, కర్పూరం సిద్ధం చేసుకొని నా కోసమే ఆగి ఉన్నారు. తాను పోయాక రింగు వేరేవాళ్ళ చేత తీయించవద్దని అమ్మీ నాకు ముందే చెప్పి ఉన్నారు. అందరినీ ఒక్క నిమిషం బయటికి పొమ్మన్నాను. తలుపు వేసి, చేతులు కడుక్కొని, ఆమె ముఖం మీద చున్నీ కప్పి, రింగు తీశాను. కడిగి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను. తర్వాత తలుపు తీసి వాళ్ళను లోపలికి పిలిచాను.